మంచు కింది చిన్న చేపలకు ఏ ఎర పెట్టాలి?

"జనవరిలో మిన్నెసోటాలో మా అమ్మాయి దగ్గరికి వెళ్తున్నాం. అక్కడ గడ్డకట్టిన సరస్సు మీద కూర్చుని చిన్న చేపలు పడతారట. ఏ రంగు ఎర మంచిది? వైజాగ్ నుంచి ఏమైనా పట్టుకెళ్లాలా?" అని అడిగారు.

రంగు సంగతి ముందు పక్కన పెట్టండి. అందరూ మొదట అడిగేది అదే. నేనూ అదే అడిగి ఒక పూటంతా పాడుచేసుకున్నాను. అక్కడ పాన్‌ఫిష్ అని పిలిచే ఈ చిన్న చేపలకు ఎర ఎంత చిన్నది, దాని మొనకి ఏ పురుగు గుచ్చారు అన్నదే లెక్క.

మాది భీమిలి. గోస్తని సముద్రంలో కలిసే చోట చిన్నప్పటి నుంచి గాలం వేసినవాణ్ణి. మా మావయ్య గాలం చేతికిచ్చిన మొదటి రోజే, "ఎర తర్వాత, ముందు చేప నోరు చూడరా" అన్నాడు. పరిగెలకైతే పిండి ముద్ద పెసరగింజంత, జెల్లకైతే గాలం కనబడకుండా వానపాము, పండుగప్పకైతే బతికున్న రొయ్య. ఇన్నేళ్లూ అలాగే పట్టాను. తీరా నేనూ అక్కడున్న మా అమ్మాయి దగ్గరికి వెళ్లాక, చలి కొత్త, సరస్సు కొత్త కాబట్టి చేపల తీరు కూడా కొత్తగా ఉంటుందనుకుని షాపువాడి మాట విన్నాను. రెండంగుళాల ప్లాస్టిక్ చేప బొమ్మలు, ఎరుపు, పసుపు, చీకట్లో మెరిసేవి, ఒక పెట్టెడు అంటగట్టాడు. పాన్‌ఫిష్ కోసం అని విడమరిచి చెప్పాక కూడా అవే ఇచ్చాడు. వీడియోలు చేసేవాళ్ల మీద కూడా నాకు ఇదే కోపం. పెట్టెలు విప్పి రంగులు చూపిస్తారు తప్ప, ఆ ఎర ఈ చేప నోట్లో పడుతుందా అన్న మాట ఒక్కరూ ఎత్తరు.

మర్నాడు నేను, మా అల్లుడు, వాళ్ల పక్కింటి పెద్దాయన వెళ్లాం. బయట మైనస్ పదిహేను. అడుగు మందాన గడ్డ. పెద్దాయన బర్మాతో చిల్లులు వేసి, పైకి తేలిన మంచు నూకని చిల్లుల గరిటెతో తోడేశాడు. నేను ఎర్ర బొమ్మ దించాను. రెండు గంటలు ఏమీ లేదు. పది అడుగుల దూరంలో పెద్దాయన మాత్రం పాన్‌ఫిష్‌లోనే ఒక రకమైన బ్లూగిల్స్ ఒకటి తర్వాత ఒకటి తీస్తున్నాడు. చివరికి తన దగ్గరున్న చిన్న కెమెరాని నా చిల్లులోకి దించి తెర చూపించాడు. అరచేతి వెడల్పు చేపలు నా ఎర దగ్గరికి వస్తున్నాయి, జానెడు దూరంలో ఆగుతున్నాయి, చూస్తున్నాయి, వెనక్కి జరిగి వెళ్లిపోతున్నాయి. వాటి నోరు చూశాను. చొక్కా గుండీ పట్టేంత ఉంది. మావయ్య మాట అప్పుడు గుర్తొచ్చింది.

పెద్దాయన చొక్కా లోపలి జేబులోంచి చిన్న డబ్బా తీశాడు. రంపపు పొట్టులో తెల్లటి లావుపాటి పురుగులు. తేనెపట్టుల్లో మైనం తినే పురుగులవి, వాక్స్ వార్మ్స్ అంటారు. బయట పెడితే గడ్డకట్టి చస్తాయని ఒంటి వేడికి దాచుకుంటాడు. నా తంగూసుకి ఉన్న బొమ్మ కోసేసి, టంగ్‌స్టన్ జిగ్ కట్టాడు. గాలానికి లోహపు తలకాయ అంటించినట్టు ఉంటుంది, తలకాయ నాలుగు మిల్లీమీటర్లు, అంటే మళ్లీ మన పెసరగింజే. పురుగుని గుచ్చి వేలితో కొంచెం నొక్కాడు, రసం చిమ్మేలా. ఆ వాసనకే చేప నోరు తెరుస్తుందట.

స్టీల్ ప్లాంట్ మెషీన్ షాపులో పనిచేసినవాణ్ణి కాబట్టి ఆ లోహం ఎందుకో నాకు వెంటనే తెలిసింది. టంగ్‌స్టన్ సాంద్రత 19.3, సీసానిది 11.3. అదే బరువు చాలా చిన్న గుండులో ఇమిడిపోతుంది. చిల్లులో తేలే మంచు నూకని చీల్చుకుని గబగబా దిగుతుంది, సన్నటి తంగూసుని బిగువుగా ఉంచుతుంది, చేప కంటికి మాత్రం మేతంతే కనిపిస్తుంది. తంగూసు కూడా రెండు పౌండ్ల బరువు తట్టేది చాలు. భీమిలిలో వాడే లావు తంగూసు అక్కడ మంచు తగలగానే చుట్టలు చుట్టుకుని స్ప్రింగులా నిలబడుతుంది.

మొదటి చేప నా వల్లే పోయింది. కర్ర కొసన ఉన్న సన్నటి తీగ కొంచెం వంగగానే జెల్లని లాగినట్టు లాగేశాను. బ్లూగిల్ అలా మింగదు. నీటితో పాటు ఎరని లోపలికి పీల్చి, నచ్చకపోతే వెంటనే ఊసేస్తుంది. తీగ వంగగానే మణికట్టు ఎత్తితే చాలు. రెండోది అలాగే పడింది. నారింజ రంగు పొట్ట, చెంప చివర నల్లటి చెవి లాంటి మచ్చ. మంచు మీద పెట్టిన కాసేపటికే తోక అట్టముక్కలా బిగుసుకుపోయింది.

చలికాలంలో వాటికి అంత చిన్న ఎర ఎందుకంటే, నీళ్లు 4 డిగ్రీల దగ్గర అన్నిటికంటే బరువు. అందుకే పైన గడ్డ ఉన్నా అడుగున 4 డిగ్రీల నీరు ఉంటుంది. చేప ఒంటి వేడి కూడా దాదాపు అంతే, అరుగుదల మందగిస్తుంది. పెద్ద మేత వెంట పరిగెత్తే ఓపిక దానికి ఉండదు. ఎరని గెంతించకండి. వేళ్ల మధ్య వణికించి, ఆపి, కదలకుండా ఉంచండి. ఆపినప్పుడే ముడుతుంది.

క్రాపీ అనే ఇంకో రకం పాన్‌ఫిష్ దొరికే సరస్సయితే లెక్క మారుతుంది. దాని నోరు పెద్దది, కళ్లు పైకి చూస్తాయి. చిన్న బతికున్న చేపపిల్లని, క్రాపీ ఉన్న లోతుకి ఒక అడుగు ఎత్తున వేలాడదీయాలి, కిందకి దించితే చూడదు. పెర్చ్ అనే చేపకైతే చిన్న స్పూన్, అంటే చెంచా ఆకారపు లోహపు ఎర, కట్టి సరస్సు అడుగున తట్టి బురద లేపితే వస్తుంది. రంగు గురించి అడిగారు కాబట్టి, మంచు మీద హిమం దట్టంగా పడి కింద చీకటిగా ఉంటే మెరిసేది, తేట నీళ్లయితే వెండి లాంటి సహజమైన రంగు. ఇంతకు మించి దాని మీద డబ్బు తగలెయ్యకండి.

ఇక్కడి నుంచి పురుగులేవీ పట్టుకెళ్లకండి, అనుమతి లేకుండా రానివ్వరు. అక్కడే దొరుకుతాయి. లైసెన్సు తీసుకోండి, బయటి రాష్ట్రం వాళ్లకి వేరే ఉంటుంది. తేటగా ఉన్న గట్టి గడ్డ కనీసం నాలుగంగుళాలు లేకపోతే కాలు పెట్టకండి, ఎవరు రమ్మన్నా సరే. కోసేసిన తంగూసు ముక్క కూడా అక్కడ వదలకండి. పోయినేడాది గోస్తని ఒడ్డున ఒక తెల్ల కొంగ కాలికి ఎవరో పారేసిన తంగూసు చుట్టుకుంది. నేనూ ఇంకో కుర్రాడూ గంటసేపు కష్టపడితే గానీ ఊడిరాలేదు. చర్మం కోసుకుపోయింది. మనవాళ్లు తెంపిన ముక్క జేబులో పెట్టుకోవడం ఎప్పుడు నేర్చుకుంటారో అని ఇప్పటికీ బాధగా ఉంటుంది.

నాలుగు మిల్లీమీటర్ల జిగ్‌లు నాలుగు, పురుగుల డబ్బా ఒకటి కొనుక్కోండి, చాలు. డబ్బా లోపలి జేబులోనే ఉంచండి. సాయంత్రం నాలుగు దాటాక చలేస్తోందని లేచి రాకండి. మా పెద్దాయన క్రాపీలన్నీ ఆ చివరి గంటలోనే పట్టాడు.