విదేశీ కౌన్సెలింగ్ పీజీ: ముందు 100 గంటల లెక్క తేల్చుకోండి

ఉద్యోగం మానకుండా, ఊరు కదలకుండా విదేశీ యూనివర్సిటీలో కౌన్సెలింగ్ పీజీ చేయవచ్చా అని శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల పాఠకులు అడిగారు. ఒకేలా ఉన్న ప్రశ్నలను కలిపి జవాబిస్తున్నాం.

ప్రశ్న: బీఎస్సీ, బీఈడీ చేసి పన్నెండేళ్లుగా ప్రైవేటు హైస్కూల్లో పాఠాలు చెబుతున్నాను. బ్రిటన్ యూనివర్సిటీ ఒకటి ఇంటి నుంచే పార్ట్‌టైమ్ ఎమ్మెస్సీ అంటోంది. ఆ డిగ్రీ ఇక్కడ చెల్లుతుందా?
– ఒక ఉపాధ్యాయిని, రాజాం

జవాబు: ఎక్కడ చెల్లాలన్నది ముందు మీరు తేల్చుకోవాలి. ప్రభుత్వ ఉద్యోగానికో పీహెచ్‌డీకో అయితే, అది మన పీజీతో సమానమనే పత్రం కావాలి. చాలాకాలం ఆ పత్రం ఏఐయూ (భారత విశ్వవిద్యాలయాల సంఘం) ఇచ్చేది, అదీ క్లాసుకెళ్లి రెగ్యులర్‌గా చదివినవాటికే. 2025 ఏప్రిల్‌లో యూజీసీ కొత్త నిబంధనలు తెచ్చి ఆ పని తానే తీసుకుంది. ఆ నిబంధనల్లో చదివే పద్ధతి గురించి ఏమని ఉందో చూడండి. మీ కోర్సు పేరు, ఆన్‌లైన్, పార్ట్‌టైమ్ అన్న మాటలు దాచకుండా రాసి యూజీసీనే అడగండి, వచ్చిన జవాబు కాగితం మీద దాచుకోండి. ఏజెంటు ఫోన్లో చెప్పిన మాట రేపు ఎవరికీ చూపించలేరు. సర్కారు కొలువే మీ గురి అయితే ఈ దారి వద్దనే మా సలహా. విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీ లాంటి చోట రెగ్యులర్ సైకాలజీ పీజీ చూసుకోవడం మేలు.

ఇక్కడే దూరవిద్యలో సైకాలజీ కట్టేద్దామన్నా కుదరదు. 2025 జులై–ఆగస్టు సెషన్ నుంచి సైకాలజీని దూరవిద్యలో గానీ ఆన్‌లైన్లో గానీ చెప్పకూడదని యూజీసీ ఆపేసింది. అనుబంధ ఆరోగ్య వృత్తుల కోసం 2021లో వచ్చిన జాతీయ కమిషన్ చట్టం కిందికి ఆ సబ్జెక్టు రావడమే కారణం. కౌన్సెలర్లు కూడా ఆ చట్టం జాబితాలో ఉన్నారు. అంటే రేపు రిజిస్ట్రేషన్ అడిగినప్పుడు మీ డిగ్రీ పేరుతో పాటు, ఏం చదివారు, ఎన్ని గంటలు ఎవరి పర్యవేక్షణలో పని చేశారు అన్నవీ చూపించాల్సి రావచ్చు. కోర్సు హ్యాండ్‌బుక్కు, మాడ్యూల్ వివరాలు, సంతకాలున్న గంటల రికార్డు మొదటి రోజు నుంచీ ఒక ఫైల్లో పెట్టుకోండి. కోర్సు అయిపోయాక యూనివర్సిటీ వెబ్‌సైటు మారిపోతుంది, పాత సిలబస్ దొరకదు.

ఒక్కమాట. ఈ డిగ్రీతో క్లినికల్ సైకాలజిస్టు అని బోర్డు పెట్టుకోకూడదు. దానికి ఆర్సీఐ (భారత పునరావాస కౌన్సిల్) గుర్తించిన చదువు, ఆ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ ఉండాలి. ప్రైవేటు స్కూలు, కాలేజీ, స్వచ్ఛంద సంస్థల్లో మాత్రం తీసుకోవడం, తీసుకోకపోవడం యాజమాన్యం ఇష్టం.

ప్రశ్న: పీజీ సర్టిఫికెట్, పీజీ డిప్లొమా, మాస్టర్స్ అంటూ మూడు రకాలు చూపిస్తున్నారు. ఏది కట్టాలి?
– చీపురుపల్లి

జవాబు: బ్రిటన్ లెక్కలో సర్టిఫికెట్‌కు 60 క్రెడిట్లు, డిప్లొమాకు 120, మాస్టర్స్‌కు 180. మాస్టర్స్‌లో ఆఖరి 60 చాలాచోట్ల పరిశోధన వ్యాసానికే పోతాయి. కాబట్టి మనుషులతో పని నేర్పేది ఎక్కువగా డిప్లొమా భాగమే. డబ్బు, ఓపిక చూసుకుని అక్కడ ఆగిపోయే వీలుందా అని ముందే అడగండి.

క్రెడిట్ల కంటే ముందు చూడాల్సింది కోర్సు పేరు. కౌన్సెలింగ్ స్టడీస్, కౌన్సెలింగ్ స్కిల్స్ అని ఉంటే అందులో క్లయింట్లతో పని అసలు ఉండకపోవచ్చు. పుస్తకాలు చదివి, వ్యాసాలు రాసి డిగ్రీ పుచ్చుకోవచ్చు గానీ ఎదుట మనిషిని కూర్చోబెట్టుకోవడం చేతకాదు. ప్రాస్పెక్టస్‌లో ‘ప్లేస్‌మెంట్’ అన్న మాట ఎక్కడుందో వెతకండి. ఇక్కడ దానర్థం ఉద్యోగం కాదు, ఒక సంస్థలో పర్యవేక్షణ కింద క్లయింట్లతో చేసే పని. దాని పక్కన గంటల అంకె లేకపోతే ఆ కోర్సుతో కౌన్సెలర్ కాలేరు.

ప్రశ్న: ప్లేస్‌మెంట్ మీ ఊళ్లోనే చేసుకోవచ్చు అంటున్నారు. మా టెక్కలిలో ఎక్కడ చేయాలి? నేను పనిచేసే కాలేజీలోనే కుదురుతుందా?
– ఒక జూనియర్ లెక్చరర్, టెక్కలి

జవాబు: సగం మంది చతికిలబడేది ఇక్కడే. ‘చేసుకోవచ్చు’ అంటే వాళ్లు చూపించరు, మీరే వెతుక్కోవాలని అర్థం.

లెక్క చూడండి. బ్రిటన్‌లోని ప్రధాన వృత్తి సంఘం బీఏసీపీ, శిక్షణలో భాగంగా కనీసం 100 గంటలు పర్యవేక్షణలో క్లయింట్లతో పని చేయాలంటుంది. అమెరికాలో కౌన్సెలింగ్ కోర్సులకు గుర్తింపునిచ్చే కాక్రెప్ సంస్థ ఒప్పుకున్న కోర్సుల్లో అయితే ముందు 100 గంటల ప్రాక్టికమ్ (తొలి దశ ప్రాక్టికల్ శిక్షణ), అందులో 40 నేరుగా క్లయింట్లతో. ఆ తర్వాత 600 గంటల ఇంటర్న్‌షిప్, అందులో 240 నేరుగా. వారానికి ముగ్గురికి టైమిస్తే 100 గంటలు 34 వారాల్లో అయిపోవాలి. అవ్వవు. ముగ్గురిలో ఒకరు రారు. ఒకసారి వచ్చి కాస్త నెమ్మదించగానే మానేసేవాళ్లుంటారు. సంక్రాంతికి రెండు వారాలు, ఊడుపులకీ కోతలకీ ఇంకొన్ని వారాలు పోతాయి. రాని క్లయింటు కోసం కాచుకు కూర్చున్న గంట లెక్కలోకి రాదు. వారానికి రెండే పడతాయనుకుంటే 50 వారాలు, అంటే నిండు ఏడాది. రెండో ఏడాది మొదలయ్యాక చోటు వెతకడం మొదలుపెడితే కోర్సు గడువు పొడిగించుకోవాలి, చాలాచోట్ల దానికి మళ్లీ ఫీజు.

మీ కాలేజీలో మాత్రం వద్దు. ఇంటర్నల్ మార్కులు వేసే చేత్తోనే ఆ పిల్లవాడి ఇంటి గొడవ వినడం కుదరదు. వాడు నోరు విప్పడు, విప్పినా రేపు క్లాసులో మీ మొహం చూడలేడు. విదేశీ ట్యూటర్లు ఇలాంటి ద్వంద్వ సంబంధాన్ని సాధారణంగా ఒప్పుకోరు కూడా. శ్రీకాకుళం, విజయనగరం ప్రభుత్వ వైద్య కళాశాలల అనుబంధ ఆసుపత్రుల్లో సైకియాట్రీ విభాగం, వ్యసన విముక్తి కేంద్రాలు, మహిళలతో పిల్లలతో పనిచేసే స్వచ్ఛంద సంస్థలు, మీకు సంబంధం లేని వేరే కాలేజీ: ఈ వరుసలో అడగండి. వెళ్లేటప్పుడు యూనివర్సిటీ ఒప్పంద పత్రం నమూనా పట్టుకెళ్లండి. అందులో సంస్థ, స్థానిక పర్యవేక్షకుడు, మీరు, యూనివర్సిటీ నలుగురి సంతకాలుంటే పని మధ్యలో ఆగదు.

పర్యవేక్షకుడికి ఏ అర్హత ఉండాలో యూనివర్సిటీని ముందే రాతలో అడగండి. తమ దేశపు లైసెన్సు ఉన్నవారే కావాలని కొన్ని అమెరికన్ కోర్సులు పట్టుబడతాయి. అలాంటివాటిలో ఇక్కడి నుంచి చేరితే ప్రాక్టికమ్ దగ్గర బండి ఆగిపోతుంది. వృత్తి బీమా కూడా అడుగుతారు. అక్కడి పాలసీ ఇక్కడ చేసే పనికి వర్తిస్తుందో లేదో చూసుకుని, వర్తించకపోతే ఇక్కడి కంపెనీ దగ్గర తీసుకోండి.

గది సంగతి చిన్నదనుకోకండి. తలుపు వేస్తే బయటికి మాట వినిపించకూడదు. టీ కుర్రాడు తలుపు తోసుకుని రాకూడదు. రెండు కుర్చీలు ఎదురెదురుగా కాక కాస్త ఏటవాలుగా, గడియారం మీకు కనబడే చోట. సెషన్ మామూలుగా 50 నిమిషాలు.

అక్కడి పుస్తకాల్లో ఉండదు గానీ మీకు తప్పనిది ఇంకొకటి ఉంది. గోప్యత గురించి వాళ్లు చెప్పేది వాళ్ల చట్టం. ఇక్కడ పోక్సో చట్టం సెక్షన్ 19 ప్రకారం, పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిసిన ఎవరైనా పోలీసులకు చెప్పి తీరాలి. చెప్పకపోతే శిక్ష ఉంది. ఈ మినహాయింపు మీ తెలుగు సమ్మతి పత్రంలో మొదటి పేజీలోనే ఉండాలి, మొదటి సెషన్లో నోటితోనూ చెప్పాలి. క్లయింటు అంతా చెప్పేశాక ‘ఇది నేను దాచలేను’ అంటే అది నమ్మకద్రోహమే.

ప్రశ్న: సెషన్లు రికార్డు చేసి పంపాలట. మా క్లయింట్లు మన యాసలో మాట్లాడతారు. అక్కడి ట్యూటరుకు ఎలా అర్థమవుతుంది?
– నర్సు, బొబ్బిలి

జవాబు: మంచి ప్రశ్న. ఇంగ్లీషులోకి మార్చేసి పంపితే చాలనుకుంటారు చాలామంది. మార్కులు పోయేది అక్కడే.

ఒకావిడ ‘ఏటీ తోచట్లేదమ్మా, గుండెల్లో ఒకటే గాబరా, పిల్లడి మీద బెంగెట్టేసుకున్నాను’ అందనుకోండి. గాబరాను యాంగ్జైటీ అని, బెంగను డిప్రెషన్ అని రాసి పంపారు. ట్యూటరు రెండు జబ్బులు చూస్తాడు. బెంగ జబ్బు కాదు. దూరంగా ఉన్న మనిషి మీద మనసు లాగడం, తిండి సయించకపోవడం అందులో ఉన్నాయి. ఆవిడ కొడుకు ఏ చెన్నైలోనో పనికెళ్లి ఉంటాడు. ఆ ఒక్క మాట తప్పు రాస్తే మీరడిగిన తర్వాతి ప్రశ్న మంచిదా కాదా అని ఆయన తేల్చలేడు. పైగా గుండెల్లో గాబరా అన్నప్పుడు థైరాయిడ్, రక్తహీనత లాంటివి డాక్టరు చూశారా అని కూడా అడగాలి. నర్సు కనుక మీకది తెలుసు.

ట్రాన్‌స్క్రిప్టును నాలుగు నిలువు వరుసల్లో రాయండి. మొదటిది మాట సంఖ్య. రెండోది క్లయింటు అన్నది అన్నట్టు, యాసతో సహా తెలుగులో. మూడోది ఇంగ్లీషులో మాటకు మాట, వాక్యం వికారంగా ఉన్నా సరే. నాలుగోది ఆ మాటకు ఇక్కడ ఉన్న అర్థం, ఆ క్షణంలో మీరేమనుకుని ఏమన్నారో. మౌనాన్ని కూడా సెకన్లలో రాయండి. మొత్తం 50 నిమిషాలూ రాయబోతే వారాంతమంతా దానికే పోతుంది, కోర్సు అడిగిన భాగమే రాయండి. పేర్లు, ఊళ్లు, కులం తెలిసే ఇంటిపేర్లు తీసేయండి. చిన్న ఊళ్లలో ‘రైస్‌మిల్లు వారి కోడలు’ అంటే చాలు, పేరు చెప్పినట్టే.

రికార్డింగుకు విడిగా సంతకం తీసుకోండి. ఎవరు వింటారు, ఎక్కడ దాస్తారు, ఎప్పుడు చెరిపేస్తారు, మధ్యలో వద్దంటే ఏమవుతుంది అన్న నాలుగూ తెలుగులో ఉండాలి. వాట్సాప్‌లో ఫైలు పంపడం, ఇంట్లో పిల్లలు ఆడుకునే ఫోన్లో రికార్డు చేయడం రెండూ కూడదు. తెలుగు వచ్చిన స్థానిక పర్యవేక్షకుడు ఉంటే ఇబ్బంది సగం తగ్గుతుంది. ఆ ఖర్చు ఫీజులో కలిసి ఉండకపోవచ్చు, అడగండి.

ప్రశ్న: క్లాసులు ఏ వేళప్పుడు?
– ఆమదాలవలస

జవాబు: బ్రిటన్‌లో సాయంత్రం 6 అంటే మనకు చలికాలంలో రాత్రి 11.30, వేసవిలో 10.30. మార్చి, అక్టోబరు ఆఖరి ఆదివారాల్లో వాళ్ల గడియారాలు మారతాయి, ఆ వారం క్లాసు తప్పిపోయేవాళ్లు ఎక్కువ. అమెరికా తూర్పు తీరంలో సాయంత్రం 6 మనకు మర్నాడు తెల్లవారుజామున 4.30, వాళ్ల వేసవిలో 3.30. సిడ్నీలో సాయంత్రం 6 మనకు మధ్యాహ్నం 1.30 లేదా 12.30, అంటే ఉద్యోగం వేళ. రికార్డు చూసుకుంటాలెండి అనుకోవద్దు, జంటలుగా సాధన చేసే క్లాసులకు హాజరు తప్పదు.

ప్రశ్న: ఫీజు ఇక్కడి బ్యాంకు నుంచి పంపడంలో ఇబ్బందులేమిటి?
– పలాస

జవాబు: వ్యక్తులు విదేశాలకు డబ్బు పంపుకునే ఆర్బీఐ ఎల్ఆర్ఎస్ పథకం కింద ఏ2 ఫారం నింపి పంపాలి. డబ్బు ఎందుకు పంపుతున్నారో చెప్పే పర్పస్ కోడ్, ఊరు కదలకుండా చదివే చదువుకు ఎస్1107. కౌంటర్లో అలవాటు కొద్దీ ప్రయాణంతో కూడిన విద్య కోడ్ ఎస్0305 వేస్తుంటారు, చూసుకోండి. ఆర్థిక సంవత్సరంలో మీ పాన్ మీద వెళ్లిన మొత్తం 10 లక్షలు దాటకపోతే టీసీఎస్ (పంపేటప్పుడే బ్యాంకు వసూలు చేసే పన్ను) లేదు. రెండేళ్ల ఫీజును వాయిదాలుగా మార్చికి ముందు కొంత, ఏప్రిల్ తర్వాత కొంత కడితే చాలామందికి ఆ హద్దు దాటదు.

ఎక్కువగా జరిగే పొరపాటు ఇంకోటి. మధ్యలో ఉన్న బ్యాంకు తన చార్జీ కోసుకుంటుంది, యూనివర్సిటీకి కాస్త తక్కువ చేరుతుంది, మీ పేరు మీద బాకీ చూపించి లాగిన్ ఆపేస్తారు. చార్జీల దగ్గర ‘అవర్’ (OUR) అన్నది ఎంచుకోండి, అప్పుడు మొత్తం భారం మీది, వాళ్లకు పూర్తి సొమ్ము అందుతుంది. వివరాల గడిలో మీ స్టూడెంట్ నంబరు తప్పనిసరి. సొమ్ము పంపినట్టు బ్యాంకు ఇచ్చే స్విఫ్ట్ కాపీ తీసుకుని అదే రోజు యూనివర్సిటీ ఫీజుల విభాగానికి మెయిల్ చేయండి.

పేరు సంగతి కూడా అప్పుడే సరిచూడండి. టెన్త్ మెమోలో ఇంటిపేరు ముందు, పాస్‌పోర్టులో వెనక, డిగ్రీలో ఒక్క అక్షరం ఉంటే రేపు సర్టిఫికెట్ మీద ఏ పేరొస్తుందో చెప్పలేం. దరఖాస్తులో పాస్‌పోర్టులో ఉన్నట్టే రాసి, రెండు పేర్లూ ఒకరివేనని నోటరీ అఫిడవిట్ జత చేయండి. డిగ్రీ ట్రాన్‌స్క్రిప్టులు (మార్కుల వివరాల పత్రాలు) మీరు చదివిన ఏడాదిని బట్టి విశాఖ ఆంధ్రా యూనివర్సిటీలోనో, ఎచ్చెర్లలోని అంబేడ్కర్ యూనివర్సిటీలోనో తీసుకోవాలి. దరఖాస్తు గడువు దగ్గరపడ్డాక కాదు, దానికి రెండు మూడు నెలల ముందే కదలండి.