ప్లేయర్ రాసుకున్న అన్నయ్యని జీఎం దొంగగా మార్చేయొచ్చా?

మీరడిగింది ఇదీ: విజయనగరంలో ఆదివారాలు రోల్‌ప్లేయింగ్ గేమ్ (బల్ల చుట్టూ కూర్చుని తలా ఒక పాత్రగా కథ నడిపే ఆట) ఆడే మీ జట్టులో ఒకాయన, తన పాత్రకి కళింగపట్నం రేవులో సరంగుగా పనిచేసే అన్నయ్య ఉన్నాడని బ్యాక్‌స్టోరీ, అంటే పాత్ర గతం, రాసుకున్నారు. జీఎం, అంటే ఆట నడిపే గేమ్ మాస్టర్, ఆ అన్నయ్య మొదట్నించీ ఓడదొంగల మనిషేనని తేల్చేశారు. "నా కథ పాడుచేశారు" అని ఆయన, "ఎన్‌పీసీలందరూ (ప్లేయర్లు ఆడని పాత్రలు) నా చేతిలోవాళ్ళే" అని జీఎం.

ప్లేయర్‌కే నా ఓటు. అయితే ఆయన చెప్తున్న కారణానికి కాదు.

ఆ అన్నయ్యలో రెండు భాగాలున్నాయి. ఇప్పటిదాకా జరిగింది ప్లేయర్ సొత్తు. ఇప్పుడు తెరవెనక జరుగుతున్నది జీఎం సొత్తు. "నిన్న రాత్రి ఓడదొంగలు మీ అన్నని ఎత్తుకుపోయారు" అంటే అది రెండో భాగం, దానికి అనుమతి అక్కర్లేదు. "మొదట్నించీ దొంగే" అన్నారంటే మాత్రం, అన్న తనని పెంచిన తీరు, చిన్నప్పుడు చెప్పిన మాటలు, అన్నీ అబద్ధమైపోతాయి. అంటే జీఎం మార్చింది అన్నని కాదు, ప్లేయర్ పాత్రని. అడగకుండా చెయ్యకూడనిది అదే.

ఈ గొడవ మీ ఒక్కరిదే కాదు. డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే ఇలాంటి ఆటకి 2014లో వచ్చిన పాత్ర షీటు మీద 'బాండ్' (పాత్రకి ముఖ్యమైన బంధం) అని గడి ఉంది, ఆ బాండ్‌లోని మనిషిని ఎవరు నడపాలో చెప్పే గడి లేదు. వేరే ఆటల్లో ఈ బేరం ముందే కుదురుతుంది. గర్ప్స్ అనే ఆటలో మీ పాత్ర మీద ఆధారపడ్డ మనిషిని పెట్టుకుంటే పాత్ర తయారీకి వాడే పాయింట్లు తిరిగొస్తాయి, బదులుగా అతను ఎంత తరచుగా కథలోకి రావాలో ముందే రాసుకోవాలి. '9 లేదా తక్కువ' అని రాస్తే, మూడు డైస్ మొత్తం అంతలోపు పడినప్పుడు అతను వస్తాడు, దానికి 37.5 శాతం అవకాశం. ఫేట్ అనే ఆటలో జీఎం మీ పాత్ర లోపాన్ని వాడుకోవాలంటే ఒక ఫేట్ పాయింట్ చేతిలో పెట్టాలి, మీకు వద్దనిపిస్తే మీరే ఒకటి కట్టి తప్పించుకోవచ్చు. రెండిట్లోనూ కథని లాక్కోవడం ఉండదు, కొనుక్కోవడమే.

మీ ఆట ఏదైనా సరే, సెషన్ జీరోలో, అంటే ఆట మొదలుపెట్టే ముందు అందరూ కూర్చుని మాట్లాడుకునేటప్పుడు, అరకాగితం చాలు. ఒక్కో ప్లేయర్ ముగ్గురు మనుషుల్ని, ఒక ఊరిని, తెగని వ్యవహారం ఒకదాన్ని రాయాలి. మొత్తం 150 మాటలు దాటకూడదు. నాలుగు పేజీలు రాస్తే జీఎంకి మొదటి పేరానే గుర్తుంటుంది, ప్లేయరేమో అన్నీ చదివారనే నమ్మకంతో కూర్చుంటాడు. పైగా మొదటి లెవెల్‌లో పది పన్నెండు హిట్ పాయింట్లు (దెబ్బలు తట్టుకునే బలం) ఉన్నవాడు ఏడు యుద్ధాలు గెలిచానని రాస్తే, మొదట ఎదురైన గోబ్లిన్ అనే చిన్న రాక్షసుడి చేతిలోనే పరువు పోతుంది.

ఆ తర్వాత ప్రతి పేరు పక్కనా ఒక గుర్తు పెట్టండి. 'సొం' అంటే సొంతం, నన్నడగకుండా ముట్టుకోవద్దు. 'ఉ' అంటే ఉమ్మడి, వర్తమానం జీఎంది, గతం నాది. 'వ' అంటే వదిలేశాను, మీ ఇష్టం, నన్ను ఆశ్చర్యపరచండి. కనీసం ఒక 'వ' తప్పనిసరి చెయ్యండి. అన్నీ 'సొం' పెట్టినవాడి కథ జీఎం చేతికి అందదు, నాలుగు సెషన్లయ్యాక "నా పాత్రకి ఏటీ రావట్లేదు" అని అలిగేది కూడా అతనే. పాత్ర ఇంటివాళ్ళని అడగకుండా చంపే జీఎంల దగ్గర ఆడినవాళ్ళు ఇంకో దారి పడతారు: తర్వాతి పాత్రకి అమ్మా నాన్నా ఊరూ ఏమీ ఉండవు, అందరూ అనాథలే.

'సొం' ముట్టుకోవాల్సి వస్తే సెషన్‌కి వారం ముందు విడిగా వాట్సాప్‌లో అడగండి. గుట్టు విప్పక్కర్లేదు. "మీ అన్నకి చావు, ద్రోహం, కనబడకపోవడం, వీటిలో ఏది వద్దు?" అంటే చాలు. జవాబొచ్చాక కూడా ఏది జరుగుతుందో ప్లేయర్‌కి తెలీదు.

అవతలి వైపు ఆశ కూడా ఉంటుంది. "మా మేనమామ సుంకం అధికారి, సరుకు వదిలేస్తాడు" అని ఆట మధ్యలో ప్లేయర్ అల్లేస్తాడు. కాదనకండి, ధర పెట్టండి: ఈసారికి సరే, మామ బదులుగా ఒక పని అడుగుతాడు.

మన ఊళ్ళ పేర్లతో ఆడేవాళ్ళకి అదనపు చిక్కులున్నాయి. ఇంటిపేరు పెట్టగానే కులం, తరచుగా ఊరు కూడా బయటపడతాయి. ప్లేయర్ చెప్పదలచుకోనిది కూడా చెప్పేసినట్టే, కాబట్టి ఇంటిపేరు ఐచ్ఛికం చెయ్యండి. ఇద్దరు ప్లేయర్లు "మేం చుట్టాలం" అంటే అక్కడితో వదలొద్దు. పెదనాన్న కొడుకైతే అన్నదమ్ములు, ఆస్తి తగువు ఉండొచ్చు. మేనత్త కొడుకైతే బావ, వేళాకోళం నడుస్తుంది, పెళ్ళి మాట కూడా రావచ్చు. ఏ వరసో ఇద్దరూ ఒప్పుకున్నాకే రాయాలి.

1757 బొబ్బిలి యుద్ధం పెట్టుకుంటే ప్లేయర్‌కీ జీఎంకీ తోడు చరిత్ర కూడా హక్కుదారే. జనవరి 24న కోట పడింది, ఆ తర్వాత విజయరామరాజుని తాండ్ర పాపారాయుడు డేరాలో చంపాడు, ఇవి బల్ల దగ్గర అందరికీ తెలుసు. వీటిని మారుస్తారా లేదా అన్నది సెషన్ జీరోలోనే తేల్చండి. ఒకరు బొబ్బిలివైపు, ఇంకొకరు విజయనగరంవైపు ఉంటే పాత్రల కోపం మనుషుల్లోకి పాకకుండా ఎక్కడ ఆపాలో కూడా అప్పుడే. ఇది తేలిగ్గా తీసుకునే విషయం కాదు, ఇక్కడ ఆ పేర్లు ఇంకా వేడిగానే ఉన్నాయి.

ఎవరైనా ఉద్యోగానికి వైజాగో హైదరాబాదో వెళ్ళిపోతే, వాళ్ళ 'సొం' మనుషులు ఎలా ఉన్నవాళ్ళు అలాగే ఉండిపోవాలి. 'ఉ', 'వ' వాడుకోవచ్చు, చంపొద్దు, సంక్రాంతికి తిరిగొచ్చి ఒక సెషన్ ఆడతానంటారు.

ఇక మీ సరంగు సంగతి. అతను దొంగని ఎలా తెలిసిందో చూడండి. ఎవరో చెప్తే విన్నదైతే సులువు: చెప్పినవాడు పొరబడ్డాడు, లేదా కావాలని అబద్ధమాడాడు. ఇప్పటిదాకా ఆడిన సీన్లేవీ చెరపక్కర్లేదు. కళ్ళారా దొంగల ఓడ మీద చూసుంటే, అన్న ఎప్పట్నించి, ఏ కారణంతో అక్కడున్నాడో మూడు వాక్యాల్లో రాసే హక్కు ప్లేయర్‌కి ఇవ్వండి. జీఎం దానికి కట్టుబడాలి. "రెండు నెలలుగా, అప్పు తీర్చడానికి" అని ఆయన రాస్తే 'మొదట్నించీ' అన్నమాట కొట్టేసినట్టే. ఆ అప్పు ఎవరికి అన్నది మాత్రం జీఎంకే వదలండి.