ఇంట్లో ట్యూనింగ్ చేశాక బండి ఎందుకు కొట్టుకుంటుంది?

ఇంట్లో కార్బ్యురేటర్ (ఇంజిన్‌కు పెట్రోలు, గాలి కలిపి ఇచ్చే భాగం) స్క్రూలు తిప్పాక బండి స్లోలో, అంటే యాక్సిలరేటర్ ఇవ్వనప్పుడు, నిలవకుండా కొట్టుకుంటుంటే, చాలాసార్లు కారణం పెట్రోలు, గాలి పాళ్లు తప్పడమే. పెట్రోలు ఎక్కువైతే పొగ నల్లగా వస్తుంది, స్పార్క్ ప్లగ్గు కొసన పొడి మసి పడుతుంది. తక్కువైతే ప్లగ్గు తెల్లబారుతుంది, యాక్సిలరేటర్ వదలగానే సైలెన్సర్ టపటపమంటుంది. ప్లగ్గు లేత గోధుమరంగులో ఉంటే పాళ్లు కుదిరినట్టే.

ఒడిశా సరిహద్దులో ఇంకో మెలిక ఉంది. సాలూరులో చక్కగా సెట్ చేసిన బండి కూడా ఘాట్ ఎక్కి, సుమారు 870 మీటర్ల ఎత్తున్న కోరాపుట్ చేరేసరికి బరువుగా లాగవచ్చు. పైన గాలి పలచన. కార్బ్యురేటర్ ఇచ్చే పెట్రోలు మాత్రం ఆ మేరకు తగ్గదు. దాన్ని ఇంజిన్ పాడైందనుకుని విప్పేయకండి.

చాలామంది పొరబడేది ఈ పాళ్లు మార్చే స్క్రూ దగ్గరే. వదులు చేస్తే ఎప్పుడూ పెట్రోలే పెరుగుతుందనుకుంటారు. స్క్రూ ఇంజిన్ వైపు ఉంటే సాధారణంగా అది నిజం. ఎయిర్ ఫిల్టర్ వైపు ఉంటే పెరిగేది గాలి! ముందు ఇంజిన్ వేడెక్కించి ఆపండి. స్క్రూను మెల్లగా, ఆగేదాకా మాత్రమే బిగించి (గట్టిగా నొక్కితే మొన పాడవుతుంది), చాలా బళ్లకు ఒకటిన్నర నుంచి రెండు చుట్లు వదలాలి. ఆపైన స్టార్ట్ చేసి, పావు చుట్టు చొప్పున సరిచూసుకోండి.