గిరి గారి మీద రాస్తున్న గుంతకల్లు అమ్మాయికి

అనంతపురం

అమ్మాయీ,

ఆశీస్సులు. వి.వి.గిరి మీద నువ్వు రాసిన వ్యాసం చదివాను. 1894 ఆగస్టు 10న బరంపురంలో పుట్టారు, డబ్లిన్‌లో లా చదివారు, మద్రాసులో మంత్రి, సిలోన్‌లో హైకమిషనర్, కేంద్రంలో మంత్రి, మూడు రాష్ట్రాలకు గవర్నర్, ఉపరాష్ట్రపతి, రాష్ట్రపతి, 1975లో భారతరత్న. తప్పుల్లేవు. కానీ చదివినవాళ్లకు వరసగా నేమ్‌ప్లేట్లే కనపడతాయి, మనిషి కనపడడు.

పదవులకు ముందు ఆయన రైల్వే యూనియన్ మనిషి. అఖిల భారత రైల్వేమెన్ ఫెడరేషన్ కట్టినవాళ్లలో ఒకరు. 1928లో బెంగాల్ నాగపూర్ రైల్వేలో ఉద్యోగాల్లోంచి తీసేసినవాళ్ల కోసం సమ్మె నడిపి కంపెనీని దిగొచ్చేలా చేశారు. ఇదంతా నువ్వు 'కార్మికోద్యమంలో చురుగ్గా పాల్గొన్నారు' అని ఒక్క ముక్కలో దాటేశావు. అలాంటి వాక్యం ఎవరి పేరు కిందైనా అతుకుతుంది, కొట్టెయ్. జస్టిస్ పార్టీ నాయకుడు బొబ్బిలి రాజాను ఎన్నికలో ఓడించిన సంగతి అందరూ రాసేదే. దానికి రెండు లైన్లు చాలు.

నేనైతే వ్యాసాన్ని 1954లో మొదలుపెడతాను. అప్పుడాయన నెహ్రూ గారి దగ్గర కార్మిక మంత్రి. బ్యాంకు ఉద్యోగుల జీతాల మీద ట్రిబ్యునల్ ఇచ్చిన అవార్డును, అంటే తీర్పును, ప్రభుత్వం సవరించింది. ఈయన రాజీనామా ఇచ్చి బయటికి వచ్చేశారు. విచిత్రం ఏమిటంటే, ఆయనకు అసలు ట్రిబ్యునళ్ల మీదే పెద్ద నమ్మకం లేదు. యాజమాన్యం, కార్మికులు ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకుని తేల్చుకోవాలి, పైనుంచి తీర్పులు రుద్దకూడదన్నది ఆయన పద్ధతి. 'గిరి అప్రోచ్' అని దానికి పేరు కూడా వచ్చింది. అలాంటి మనిషి ఒక ట్రిబ్యునల్ అవార్డులో కోత పెట్టారని కుర్చీ వదిలేశారు. ఎందుకో ఆలోచించు. ఒకసారి ఇచ్చిన మాటను ప్రభుత్వమే తగ్గించడం యూనియన్ మనిషికి మింగుడు పడలేదని నేను అనుకుంటాను. నీకు వేరేగా తోస్తే నీ మాటే రాయి.

ఆ తర్వాతి సంగతి నువ్వు వదిలేశావు. భక్తితో వదిలేశావని నా అనుమానం. 1957లో పార్వతీపురం లోక్‌సభ స్థానంలో ఆయన ఓడిపోయారు. అది ఇద్దరు సభ్యుల నియోజకవర్గం, ఒక సీటు షెడ్యూల్డ్ తెగలకు రిజర్వు. ఓట్లు లెక్కపెట్టేసరికి జనరల్ సీటు కూడా గిరిజన అభ్యర్థి డిప్పల సూరిదొరకే వచ్చింది. రిజర్వు సీటుకు నిలబడ్డ మనిషికి జనరల్ సీటు ఎలా ఇస్తారని గిరి గారు సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. 1959లో అక్కడా ఓడిపోయారు. అప్పటికాయన ఉత్తరప్రదేశ్ గవర్నర్. దీన్ని తప్పకుండా పెట్టు. సాకులు వెతకొద్దు, తిట్టిపోయనూ వద్దు. ఆయన వాదన ఏమిటో ఆయన వైపు నుంచి న్యాయంగా చెప్పి, తర్వాత తీర్పు చెప్పు. కూలీల తరఫున నిలబడ్డ మనిషే ఇక్కడ ఇలా నిలబడ్డాడని పాఠకులకు ఎవరూ విప్పి చెప్పక్కర్లేదు.

ఇక 1969 రాష్ట్రపతి ఎన్నిక. మన జిల్లాలో కూర్చుని రాసేవాళ్లకు ఇది ఇరకాటమే. ఓడిపోయింది మన ఇల్లూరు నీలం సంజీవరెడ్డి గారు కదా! కాంగ్రెస్ అధికార అభ్యర్థి ఆయన, గిరి ఇండిపెండెంట్. ఆత్మప్రబోధం ప్రకారం ఓటెయ్యండని ఇందిరా గాంధీ అనడంతో పార్టీ రెండుగా చీలింది. మొదటి లెక్కలో ఎవరికీ సగం దాటలేదు. రెండో ప్రాధాన్య ఓట్లు కలిపాక గిరికి 4,20,077, సంజీవరెడ్డి గారికి 4,05,427. నువ్వు దీన్ని 'కార్మికుల విజయం' అన్నావు. కాదమ్మా. వామపక్షాలు ఆయన వెనక ఉన్న మాట నిజమేగానీ, ఆ పోరు కాంగ్రెస్ ఇంటి పోరు. అట్లాగని మనవాడు ఓడిపోయాడన్న ఉక్రోషంతో కూడా రాయొద్దు. మా కాలంలో ఆ పని చాలామంది చేశారు, ఇప్పుడు చదివితే నవ్వొస్తుంది.

నీ వ్యాసంలో నన్ను పట్టుకున్న వాక్యం ఆఖరి పేజీలో ఉంది, అదీ బ్రాకెట్లో: 'మా జేజినాయన 1974 సమ్మెలో ఉద్యోగం పోగొట్టుకున్నాడు.' ఇంత మాటను బ్రాకెట్లో దాస్తారా ఎవరైనా? ఆ ఏడాది మే 8 నుంచి 27 దాకా దేశమంతా రైళ్ల సమ్మె. నడిపింది జార్జి ఫెర్నాండెజ్, గిరి గారు పునాది వేసిన ఆ ఫెడరేషన్‌కే అధ్యక్షుడు. వేలమందిని జైళ్లలో పెట్టారు, వేలమంది ఉద్యోగాలు పీకేశారు. ఆ రోజుల్లో రాష్ట్రపతి భవన్‌లో ఉన్నది గిరి గారే. తీసేసినవాళ్లను మళ్లీ చేర్చుకున్నది 1977లో జనతా పార్టీ ప్రభుత్వం వచ్చాక. ఆ ఎన్నికల్లో మన రాష్ట్రం మొత్తానికి జనతా గెలిచిన ఒకే ఒక్క సీటు నంద్యాల, గెలిచింది సంజీవరెడ్డి గారు. జూలైలో ఆయనే రాష్ట్రపతి అయ్యారు. గుంతకల్లు రైల్వే కాలనీ నుంచి చూస్తే ఈ ఇద్దరి కథ ఢిల్లీలో కనపడినట్టు ఉండదు. నీ వ్యాసానికి బలం అక్కడుంది, ఇంకెవరికీ లేనిది అదే.

అయితే ఒక జాగ్రత్త. సమ్మె రోజుల్లో గిరి గారు లోలోపల కుమిలిపోయారని రాశావు. నువ్వు చూశావా? రాష్ట్రపతి భవన్‌లో ఆయన మనసు సంగతి మనకెందుకు, లోకో షెడ్ గేటు దగ్గర జరిగింది నీకు అందుబాటులో ఉంది. తొలగింపు కాగితం ఇంటికి ఎవరు తెచ్చారు, క్వార్టర్ ఖాళీ చెయ్యమన్నారా, జీతం ఆగిపోయాక ముందు అమ్మిన వస్తువు ఏది, పనికి పోయినవాళ్ల ఇళ్లతో మాటలు ఎన్నాళ్లకు కలిశాయి, ఇవి అడుగు. మళ్లీ చేరినప్పుడు మధ్య ఏళ్ల సర్వీసు కలిపారో లేదో పెన్షన్ కాగితాల్లో దొరుకుతుంది.

నోయిడాలో జాతీయ కార్మిక సంస్థకు ఆయన పేరు పెట్టారన్నది ఒక్క వాక్యంలో చెప్పి వదిలెయ్. 'మహనీయుడు', 'కార్మిక పక్షపాతి' లాంటి మాటలు అన్నీ తీసెయ్.

వ్యాసానికి తొందరేం లేదు, దసరా తర్వాత పంపినా పరవాలేదు. మీ అవ్వతో మాట్లాడే పని మాత్రం వాయిదా వెయ్యొద్దు. ఫోన్‌లో రికార్డింగ్ పెట్టి, ఆమెను చెప్పనీ. మధ్యలో గిరి పేరు నువ్వు ఎత్తొద్దు. ఆమే ఎత్తితే, ఏ మాటతో ఎత్తిందో ఉన్నదున్నట్టు రాసుకో.