గ్రంథపాలకుడే కథానాయకుడైతే

ప్రశ్న: గ్రంథాలయోద్యమ కాలపు గ్రంథపాలకుని కథతో చారిత్రక నవల రాయాలని ఉంది. ఆధారాలు ఎక్కడ వెదకాలి?
– ఒక పాఠకురాలు, కందుకూరు

జవాబు: ముందుగా వేటపాలెం వెళ్లండి. 1918లో మొదలై, 1929లో గాంధీజీ భవనానికి శంకుస్థాపన చేసిన సారస్వత నికేతనం గ్రంథాలయంలో (ఆ ఊరు 2022 వరకు ప్రకాశం జిల్లాలోనే ఉండేది) పాత తెలుగు పత్రికల సంపుటాలు ఉన్నాయి. ఆనాటి ప్రకటనలు, సభల వార్తలు, సంపాదకీయాలు ఓపికగా చదివితేనే మీ పాత్రల మాటతీరుకు ఆ కాలపు వాసన అబ్బుతుంది. పుస్తకాల మహిమను మాత్రం ఉపన్యాసాలతో చెప్పించకండి. మద్రాసు ప్రభుత్వం ‘మాలపల్లి’ నవలను నిషేధించిన రోజులవి కనుక, అటువంటి పుస్తకాన్ని అడిగిన పాఠకునికి ఇవ్వాలా, బీరువాలో దాచాలా అన్న సంకటంలో మీ నాయకుణ్ణి నిలబెట్టండి. నా దృష్టిలో నవలకు ప్రాణం అక్కడే ఉంది. మొదటి అధ్యాయం అక్కడినుంచే ప్రారంభించండి.