తలంబ్రాల తర్వాత తీసిన ఫొటో ఉందా?

ప్రశ్న: ఆరేళ్లుగా పెళ్లికూతుళ్లకు మేకప్ చేస్తున్నాను. ఇన్‌స్టాగ్రామ్‌లో 600 ఫొటోలు పెట్టాను. మెచ్చుకునేవాళ్లు ఉన్నారు గానీ, ఫోన్ చేసి తేదీ అడిగేవాళ్లు తక్కువ. నా పేజీ చూసి లోపం చెప్పగలరా?
- ఒక పాఠకురాలు, తణుకు

జవాబు: అమ్మా, మీ పేజీ రెండుసార్లు చూశాను. పాపిడి బిళ్ల నుంచి బుగ్గ చుక్క దాకా మీ పనిలో ఎక్కడా తొందర లేదు. కానీ ఆ పనిని వెతుక్కోవలసి వస్తోంది. ఒకే అమ్మాయివి పదకొండు ఫొటోలు, అన్నింట్లో అదే నవ్వు. మధ్యలో పుట్టినరోజు కేకులు, పండుగ శుభాకాంక్షలు. పాతిక ఉంచి మిగిలినవి తీసేయండి.

ఏ పాతిక అంటారా? నేను ఈ పనిలోకి వచ్చిన కొత్తలో ఆల్బమ్ పట్టుకుని ఇళ్లకు వెళ్లేదాన్ని. ఒక పెద్దావిడ అన్నీ తిప్పి చూసి, "ఇవి పీటల మీద కూర్చోకముందు తీసినవి కదమ్మా, తలంబ్రాలయ్యాక ఎలా ఉంటుంది?" అని అడిగారు. నా దగ్గర అలాంటిది ఒక్కటీ లేదు. ఆ పెళ్లి నాకు రాలేదు. ఆవిడ అడిగింది న్యాయమే. హోమం పొగ, చెమట, తల నిండా పసుపు బియ్యం, అప్పగింతల కన్నీళ్లు... ఇన్నింటి తర్వాత కాటుక చెదరకుండా ఉందా అన్నదే పిల్ల తల్లికి కావాలి. మంగళస్నానం తర్వాతి ముఖం, మధుపర్కాల్లో ముఖం, తలంబ్రాల తర్వాతి ముఖం, ఈ మూడూ ఒకే పోస్టులో వరుసగా పెట్టండి. అలా కనీసం నలుగురు అమ్మాయిలవి ఉండాలి.

ఒక విషయం నన్ను బాధపెట్టింది. చామనఛాయ అమ్మాయిలను ఫిల్టర్‌తో తెల్లగా మార్చారు. ఆ ఛాయకు సరిపడే ఫౌండేషన్ కలపడం మీకు వచ్చని చూపించే అవకాశం అక్కడే పోయింది. అదే ఛాయ ఉన్న మరో అమ్మాయి వెతికేది మీలాంటివారి కోసమే. కిటికీ పక్కన, పగటి వెలుగులో, ఫ్లాష్ లేకుండా తీయండి. సిలికా ఎక్కువగా ఉన్న పౌడర్ మీద ఫ్లాష్ పడితే కళ్ల కింద బూడిద రాసినట్టు కనిపిస్తుంది. మీ రిసెప్షన్ ఫొటోలు కొన్నింటిలో జరిగింది అదే.

2025 నుంచి ఇన్‌స్టాగ్రామ్ పేజీలో చతురస్రాల స్థానంలో నిలువు ఫొటోలు కనిపిస్తున్నాయి. మీ పాత వాటిలో పక్కలు తెగి జుంకాలు సగమే కనిపిస్తున్నాయి, సరిచేయండి.

ఫొటోగ్రాఫర్ పంపాడని పెట్టేయకండి. 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం, వేరే ఒప్పందం లేకపోతే, డబ్బిచ్చి తీయించుకున్న ఫొటో మీద మొదటి హక్కు తీయించుకున్నవారిదే. పెళ్లికూతురినీ, ఆ ఇంటివారినీ అడిగి, సరేనన్న మాట మెసేజ్‌లో తీసుకోండి. ఫొటోగ్రాఫర్ పేరూ రాయండి.

అన్నట్టు, మీ పేజీలో తణుకు అన్న మాటే లేదు. ఊరి పేరు, భీమవరం, తాడేపల్లిగూడెం కూడా వస్తారా లేదా అన్నది పైనే రాయండి.