టెక్ సందేహాలు: ముంపులో పోయిన ఊరు, మేనరికాల వంశవృక్షం

సొంతూళ్లు వెతుక్కుంటూ, ఎన్నడూ చూడని చుట్టాల ఇళ్లకు బయల్దేరేవాళ్ల ప్రశ్నలివి.

మా తాతల ఊరు ఆత్మకూరు వైపు కృష్ణ ఒడ్డున ఉండేది. శ్రీశైలం ప్రాజెక్టు ముంపులో పోయింది. గూగుల్ మ్యాప్స్‌లో పేరు కొడితే ఇంకెక్కడో చూపిస్తోంది. అసలు ఊరున్న చోటు తెలుసుకోవచ్చా? (కర్నూలు)

గూగుల్ చూపేది ఇప్పుడున్న ఊళ్లను. మీకు కనిపిస్తున్నది అదే పేరుతో కట్టిన పునరావాస గ్రామమో, పేరు కలిసిన వేరే ఊరో అయ్యుంటుంది. మీకు కావలసింది డ్యాముకు ముందు నాటి పటం. 1950ల్లో అమెరికా సైన్యం అచ్చువేసిన యూ502 అనే పటాల వరస ఉంది. టెక్సాస్ విశ్వవిద్యాలయం లైబ్రరీ వెబ్‌సైట్లో ఉచితంగా దొరుకుతుంది. కర్నూలు షీటు దించుకోండి. ఊరు సంగమేశ్వరం దగ్గరిదైతే దాని పైషీటు కూడా కావాలి, ఎందుకంటే 16 డిగ్రీల అక్షాంశ రేఖ ఆ పక్కనే పోతుంది.

ఈ పని ఫోన్లో కాదు, కంప్యూటర్లో గూగుల్ ఎర్త్ ప్రోతో చేయాలి. పటం చుట్టూ ఉన్న తెల్ల అంచును ముందే కత్తిరించేయండి. యాడ్ మెనూలో ఇమేజ్ ఓవర్‌లే తెరిచి ఆ బొమ్మ ఎక్కించండి. లొకేషన్ ట్యాబ్‌లో కర్నూలు షీటుకు ఉత్తరం 16, దక్షిణం 15, పడమర 78, తూర్పు 79.5 అని ఇవ్వండి. అంచు కత్తిరించకుండా ఈ అంకెలిస్తే ఊళ్లన్నీ కిలోమీటర్ల కొద్దీ పక్కకు జరుగుతాయి. ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. తర్వాత పారదర్శకత సగానికి పెట్టి, నంద్యాల ఊరి దగ్గర రైలు పట్టాల వంపులు కలుస్తున్నాయో లేదో చూడండి. నల్లమలలో దొరబావి వంతెన మీది పాత మీటర్ గేజ్ లైనును వదిలేశారు కాబట్టి ఆ భాగాన్ని కొలతకు వాడొద్దు.

అన్నీ సరిగ్గా చేసినా రెండు మూడు వందల మీటర్ల తేడా ఉంటుంది. పటం మీద ఒక మిల్లీమీటరంటే నేల మీద 250 మీటర్లు. పైగా నాటి సర్వే లెక్కల ఆధారం వేరు, నేటి జీపీఎస్ ఆధారం వేరు. చిన్న పల్లెలు పటంలోకి ఎక్కకపోయి ఉండొచ్చు. ఎక్కినా ఇంగ్లీషు స్పెల్లింగు చిత్రంగా ఉంటుంది, పేరుకంటే నది వంపును బట్టి వెతకండి. చోటు తేలాక అక్కడ ప్లేస్‌మార్క్ పెట్టి, కేఎంజెడ్ ఫైలుగా సేవ్ చేసి, ఫోన్లో ఆర్గానిక్ మ్యాప్స్ అనే యాప్‌లో తెరవండి. సిగ్నల్ లేని చోటా పనిచేస్తుంది. గూగుల్ ఎర్త్ ప్రోలో పాత తేదీల ఉపగ్రహ చిత్రాలు కూడా ఉంటాయి. నీళ్లు బాగా అడుగంటిన వేసవిది దొరికితే గోడల గుర్తులు కనబడే అవకాశముంది.

చుట్టాల జాడకు మాత్రం పునరావాస గ్రామానికే వెళ్లండి. అక్కడ "ఏ ముంపు ఊరోళ్లు?" అనడిగితే దారి చూపిస్తారు. ముంపు బాధితులకు ఉద్యోగాలిచ్చే 98 జీవో కింద అర్జీ పెట్టుకున్న ఇళ్లలో పాత ఊరి పేరున్న కాగితాలు ఇంకా భద్రంగా ఉండొచ్చు.

గ్రాంప్స్ అనే కంప్యూటర్ సాఫ్ట్‌వేర్లో వంశవృక్షం వేస్తున్నాను. మాలో అక్క కూతుర్ని చేసుకున్నవాళ్లు, మేనత్త కొడుక్కిచ్చినవాళ్లు చాలామంది. ఒకే మనిషి రెండుమూడు చోట్ల వస్తున్నారు. పైగా మద్దిలేటి అనే పేరుతో నలుగురున్నారు. (బనగానపల్లె)

ఇందులో రెండు సమస్యలు కలిసిపోయాయి. మేనకోడలిని భార్యగా చేర్చేటప్పుడు కొత్త వ్యక్తిని చేర్చే గుర్తు నొక్కితే ఆమె రెండోసారి పుడుతుంది. ఉన్న వ్యక్తిని ఎంచుకునే గుర్తు దాని పక్కనే ఉంటుంది, అది నొక్కాలి. ఇప్పటికే రెండయిన వాళ్లను కంట్రోల్ పట్టుకుని ఇద్దరినీ ఎంచి, ఎడిట్ మెనూలోని మెర్జ్‌తో కలపండి. ముందు బ్యాకప్ తీసుకోండి.

ఇంత చేసినా ఫ్యాన్ చార్టులో అవ్వాతాతలు రెండుచోట్ల కనిపిస్తారు. అది తప్పు కాదు, రెండు దారుల్లోనూ వాళ్లే పూర్వీకులు. మనిషికి ఒకే పెట్టె కావాలంటే రిపోర్టుల్లో రిలేషన్‌షిప్ గ్రాఫ్ వేయండి. చుట్టాలింటికి అచ్చు తీసుకుపోవాల్సిందీ అదే. ఫోన్ తెరను జూమ్ చేసి చూపిస్తే పెద్దవాళ్లకు ఏమీ అర్థం కాదు. ఏ3 కాగితం మంచం మీద పరిస్తే వాళ్లే వేలుపెట్టి "ఇది కాదప్పా, వాడు చిన్నోని కొడుకు" అని దిద్దుతారు.

తాత పేరు మనవడికి పెట్టే ఇళ్లలో పేరొక్కటీ చాలదు. నిక్‌నేమ్ గడిలో పెద్ద మద్దిలేటి, ఎర్ర మద్దిలేటి అని ఊళ్లో పిలిచే తీరునే రాయండి. పుట్టిన తేదీ తెలియక "ధాత సంవత్సరంలో" అని చెబితే తొందరపడొద్దు. అరవై ఏళ్లకోసారి అదే పేరు తిరిగొస్తుంది: 1876-77, 1936-37, 1996-97. సీమలో ధాత కరువు అనేది మొదటిదాన్నే. ఏదో తేల్చుకున్నాక తేదీ గడిలో "1936, 1937 మధ్య" అన్న అర్థమిచ్చే రకం ఎంచుకోండి. ఉగాది నుంచి ఉగాదికి లెక్క కాబట్టి ఒక్క ఏడాదే రాస్తే తప్పవుతుంది.

ప్రొద్దుటూరులో తొంభై దాటిన మేనత్త మాటలు రికార్డు చేయాలి. ఫోన్ చాలా? (కడప)

చాలు. గదిలో ఫ్యానుంటే మాత్రం వందల రూపాయల్లో దొరికే కాలరు మైకు తీసుకోండి. ఎండాకాలం కడప జిల్లాలో ఆ వయసు మనిషి దగ్గర ఫ్యాను ఆపమనడం న్యాయం కాదు. కొన్ని రికార్డర్ యాప్‌లు బయటి మైకును పట్టించుకోవు. మైకు మీద వేలితో తట్టి, నిమిషం రికార్డు చేసి విని చూసుకోండి. ఏరోప్లేన్ మోడ్ పెట్టండి, లేకపోతే కాల్ వచ్చినప్పుడు రికార్డింగ్ ఆగిపోవచ్చు.

రెండు గంటలు ఏకబిగిన వద్దు, ఇరవై నిమిషాలకోసారి ఆపి మళ్లీ మొదలుపెట్టండి. ఎం4ఏ ఫైల్లో సూచిక భాగం సాధారణంగా చివర్లో పడుతుంది. మధ్యలో చార్జింగ్ అయిపోతే ఫైలు ఉంటుంది గానీ తెరుచుకోదు. 128 కేబీపీఎస్‌లో గంటకు 60 ఎంబీ లోపే, కాబట్టి చోటు సమస్య రాదు.

బెంగళూరులో ఉంటాం. మీభూమిలో మా ఇంటిపేరున్న ఖాతాలు చూసి జమ్మలమడుగు వైపు చుట్టాలను పట్టుకోవచ్చా?

పట్టుకోవచ్చు, కానీ 1బి, అడంగల్ చూపేది ప్రధానంగా ఇప్పటి పట్టాదారులను, వంశాన్ని కాదు. ఆన్‌లైన్ ఈసీ (ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల జాబితా) కూడా 1983 నుంచే. అంతకు ముందువి సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో అడగాలి. ఆ ప్రింటవుట్లు చేతిలో పెట్టుకుని మాత్రం ఎవరింటికీ పోవద్దు. "భాగం అడిగేకి వచ్చినాడు" అనుకుంటే ఇక నోరు విప్పరు. ముందు ఫోటోలు, పేర్లు, పెళ్లిళ్ల ముచ్చట్లు. సర్వే నంబరు మాట వాళ్లే ఎత్తితే సరి.

గోడమీది ఫ్రేముల్లోని ఫోటోలకు మెరుపు పడుతోంది. (గుంతకల్లు)

ఫోటో అద్దానికి అతుక్కుని ఉంటే ఊడదీయొద్దు, పొర లేచిపోతుంది. ఫ్లాష్ ఆపి, కిటికీ వెలుగు పక్కనుంచి పడేలా పెట్టి, గూగుల్ ఫోటోస్కాన్ యాప్‌తో తీయండి. తెరమీది నాలుగు చుక్కల మీదికి ఫోన్ జరిపితే మెరుపును అదే తీసేస్తుంది. చుట్టాలకు పంపేటప్పుడు వాట్సాప్‌లో ఫోటోగా కాక డాక్యుమెంటుగా పంపండి, నాణ్యత తగ్గదు.